గ్రాఫిక్స్ అదిరిపోతే సైన్స్ ఫిక్షన్ సినిమాకు కథ అక్కర్లేదా?

"అనంతపురంలో దుడ్లు పెట్టి థియేటర్‌కు పోయేది గ్రాఫిక్స్ కోసమే కదా, కథ ఎవరికి కావాలి?" అని ఒకరు అడిగారు. టికెట్ కొనిపించేంతవరకు అది నిజమే. ఎవరూ చూడని లోకాన్ని నమ్మించాలంటే ముందు అది కంటికి ఆనాలి. కానీ ఎంత గొప్ప దృశ్యమైనా కాసేపటికి అలవాటైపోతుంది. ఆ తర్వాత మనల్ని సీట్లో కూర్చోబెట్టేది 'వీళ్లకు ఏమవుతుందో' అన్న టెన్షనే.

2014లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'ఇంటర్‌స్టెల్లార్' చూడండి. అందులోని కృష్ణబిలాన్ని (వెలుగును కూడా మింగేసే బ్లాక్ హోల్‌ను) భౌతిక శాస్త్రవేత్త కిప్ థోర్న్ ఇచ్చిన సమీకరణాల ఆధారంగా తయారుచేశారు. చూడ్డానికి అద్భుతం. అయినా ఎక్కువ గుర్తుండేది వేరే సీన్. ఒక గ్రహం మీద గంట గడిస్తే భూమ్మీద ఏడేళ్లు అయిపోతాయి. అక్కడ కొండంత అల వల్ల ఆలస్యమై అంతరిక్ష నౌకకు తిరిగొచ్చిన తండ్రి, 23 ఏళ్లుగా పేరుకున్న తన పిల్లల వీడియో సందేశాలు చూస్తూ ఏడుస్తాడు. ఆ సీన్‌కు కావలసింది ఒక తెర, ఒక ముఖం, అంతే. అయితే ఆ అలను మనం కళ్లారా చూడకపోయుంటే ఆ ఏడుపు అంతగా తాకేది కాదు. అక్కడ గ్రాఫిక్స్ కథ పనే చేసింది.

మన 'ఆదిత్య 369' (1991)లో టైమ్ మెషిన్ ఇప్పటి పిల్లలకు బొమ్మలా అనిపించొచ్చు. అది శ్రీకృష్ణదేవరాయల కాలంలో దిగాక మాత్రం ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. మా వైపు విజయనగర రాజుల పెనుకొండ కోట చూస్తూ పెరిగినవాళ్లకు మరీనూ! భవిష్యత్తులోకి వెళ్లే భాగమే నాకు అంతగా ఎక్కదు. అక్కడ చూడ్డానికి వింతలు చాలానే ఉన్నాయి, మనసు పెట్టుకోవడానికి మనుషులు తక్కువ.