స్ప్రింక్లర్ బ్యాక్‌ఫ్లో టెస్టు గురించి అమ్మాయికి ఉత్తరం

చిరంజీవి అమ్మలూ,

పెదనాన్న ఆశీస్సులు. సిటీ పంపిన నోటీసు ఫోటో చూశాను. స్ప్రింక్లర్ బ్యాక్‌ఫ్లో (నీళ్ళు వెనక్కి పారడం) టెస్టు రిపోర్టు అడిగారని టెన్షన్ పడకు, అలాగని పక్కన పడేయకు.

మీ లాన్‌కి వెళ్ళే నీళ్ళూ, వంటింట్లో పట్టుకునే నీళ్ళూ ఒకే మెయిన్ పైపు నుంచి వస్తాయి. వీధిలో ఆ పైపు పగిలినా, మంటలార్పడానికి హైడ్రెంట్ తెరిచినా ప్రెషర్ ఒక్కసారిగా పడిపోతుంది. అప్పుడు నీళ్ళు వెనక్కి లాగేస్తాయి. స్ప్రింక్లర్ హెడ్లు గడ్డిలో నేలబారుగా ఉంటాయి కదా, ఎరువు, కలుపు మందు, కుక్కలు వదిలిన మలం కలిసిన నీళ్ళు వాటిలోంచి పైపులోకి చేరతాయి. మన ఊళ్ళో మున్సిపల్ కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే పగుళ్ళలోంచి మురుగు వచ్చేది, అదే సంగతి ఇది. 2016 డిసెంబరులో మన టెక్సస్‌లోనే, కార్పస్ క్రిస్టీలో, ఒక పరిశ్రమ దగ్గర నుంచి రసాయనం వెనక్కి వచ్చి కలిసిందన్న అనుమానంతో కొన్ని రోజులపాటు కుళాయి నీళ్ళు ముట్టుకోవద్దన్నారు. పసిపిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఎంత అల్లాడిపోయి ఉంటారో! మీ లైన్‌లో నీళ్ళు వెనక్కి రాకుండా ఆపేది స్ప్రింక్లర్ పైపుకి బిగించిన ఇత్తడి పరికరమొక్కటే. లోపల స్ప్రింగులు, రబ్బర్లు అరిగినా బయటికి కనపడదు. అందుకే టెస్టు.

ఈ పరికరాల్లో రకాలున్నాయి, ముందు నీ దగ్గర ఏది ఉందో చూడు. మీటర్ దగ్గర నేలలో, మూత ఉన్న బాక్సులో ఉంటే చాలావరకు డబుల్ చెక్, అంటే వరసగా రెండు వాల్వులున్నది. గోడ పక్కన పైకి కనిపిస్తే పీవీబీ (ప్రెషర్ వాక్యూమ్ బ్రేకర్) కావచ్చు, అది అన్నిటికన్నా ఎత్తున్న స్ప్రింక్లర్ హెడ్ కంటే కనీసం 12 అంగుళాలు పైన ఉండాలి. మూడోది ఆర్‌పీజెడ్ (రెడ్యూస్డ్ ప్రెషర్ జోన్ రకం), లోపలి వాల్వ్ సరిగ్గా ఆపకపోతే నీళ్ళు వెనక్కి పోనివ్వకుండా బయటికి వదిలేస్తుంది.

కొత్తగా బిగించినప్పుడు టెస్టు తప్పదు, అది రాష్ట్ర నియమం. ఇంట్లో సెప్టిక్ ట్యాంకు ఉన్నా, స్ప్రింక్లర్ లైన్‌లోనే ఎరువు కలిపినా ఆరోగ్యానికి ప్రమాదం కింద లెక్కేస్తారు, అప్పుడు ఆర్‌పీజెడ్ పెట్టి ఏటా టెస్టు చేయించాలి. మిగతా ఇళ్ళకి సిటీని బట్టి మారుతుంది, కొన్ని అందరినీ ఏటా అడుగుతాయి. పక్క ఊళ్ళో ఉండే మీ ఫ్రెండ్ ‘మాకు అక్కర్లేదు’ అందని ఊరుకోకు, నీ నోటీసులో ఏముందో అదే చెయ్యి.

గడ్డి కోసే అతను చూస్తానంటే ఒప్పుకోకు. టీసీఈక్యూ (టెక్సస్ పర్యావరణ శాఖ) లైసెన్సు ఉన్న బ్యాక్‌ఫ్లో టెస్టరే కావాలి. నంబరు అడిగి, వాళ్ళ వెబ్‌సైట్‌లో సరిచూసుకో. అతని గేజ్‌ని (ప్రెషర్ కొలిచే మీటరు) ఏటా సరిచేయించారో లేదో కూడా అడుగు, ఇందులో మొహమాటం వద్దు. టెస్టు జరిగేటప్పుడు దగ్గరే నిలబడు. డబుల్ చెక్ అయితే ఒక్కో వాల్వ్ కనీసం 1 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) దగ్గర నిలవాలి. ఫెయిలైతే వెంటనే మొత్తం మార్చమంటారు కొందరు. చాలాసార్లు ఇసుక, చెత్త ఇరుక్కుని ఉంటుంది, శుభ్రం చేసి రబ్బర్లు మారిస్తే సరిపోతుంది. రీడింగు, పాడైన భాగం చూపించమను, ఆ తర్వాతే డబ్బు మాట.

చలికాలం సంగతి మర్చిపోకు. 2021 ఫిబ్రవరిలో విపరీతమైన చలికి నీళ్ళు గడ్డకట్టినప్పుడు టెక్సస్‌లో చాలాచోట్ల నేలపైన ఉన్న ఈ పరికరాలు పగిలాయి. ఫ్రీజ్ వార్నింగ్ రాగానే స్ప్రింక్లర్ నీళ్ళు కట్టేసి, పరికరంలోని నీళ్ళు పూర్తిగా కారనివ్వు. వాల్వ్ పిడులు, టెస్టు కాక్‌లు (టెస్టుకి వాడే చిన్న కుళాయిలు) సగం తెరిచి వదులు, పూర్తిగా మూస్తే లోపల మిగిలిన నీళ్ళు గడ్డకట్టి పగలగొడతాయి.

రిపోర్టు సిటీకి టెస్టరే పంపుతాడా, నువ్వు పంపాలా అన్నది ముందే తేల్చుకో. కాపీ ఒకటి నీ దగ్గర ఉంచుకో. ఆదివారం ఫోన్ చేస్తాను, బాక్సు మూత తీసి వీడియోలో చూపించు.

మీ పెదనాన్న