గడియ లేని గదిలో చాటెక్కడిది?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ఆడవాళ్లకు ఈత, వ్యాయామం నేర్పే చిన్న కేంద్రం నడుపుతున్నాను. సాయంత్రం బ్యాచ్‌లో 14 మంది ఉంటారు. బట్టలు మార్చుకోవడానికి ఒకటే పెద్ద గది. అందులోనే లాకర్లు, తలుపుల్లేని మూడు షవర్లు, ఒక టాయ్‌లెట్. మా అక్క పెద్ద బిడ్డ అబ్బాయిగా పుట్టింది, మూడేళ్లుగా అమ్మాయిగా బతుకుతోంది. ఇప్పుడు 23 ఏళ్లు. ‘పిన్నీ, నేనూ ఈతకు వస్తాను’ అంటే సరే అన్నాను. ఆ సంగతి బయటికి పొక్కింది. ఒకావిడ ‘మా 14 ఏళ్ల పాప ఉంటుంది, ఎలా?’ అంది. ఇంకొకావిడ ఎవరూ లేనప్పుడు వచ్చి, చిన్నతనంలో తనకు జరిగిన ఘోరం చెప్పుకుని, ఇక ఆ గదిలో బట్టలు మార్చుకోలేనంది. మూడో ఆవిడ ‘ఆపరేషన్ అయిందో లేదో కనుక్కో, లేకపోతే మేం నలుగురం మానేస్తాం’ అంటోంది. అక్కేమో ‘సొంత పిన్నివి నువ్వే కాదంటే ఇంకెవరు రానిస్తారే’ అని ఫోన్లో ఏడ్చింది. ఎవరి మాట వినను?

జవాబు: అసలు సంగతిని మీరు ఉత్తరం మధ్యలో, పెద్దగా పట్టించుకోనట్టు రాశారు. షవర్లకు తలుపుల్లేవు. మీ అక్క కూతురు ఆ గుమ్మం తొక్కకముందే అక్కడ ఎవరికీ చాటు లేదు. ఆ 14 ఏళ్ల పాప ఇన్నాళ్లూ పెద్దవాళ్ల మధ్య టవల్ పళ్లతో పట్టుకుని బట్టలు మార్చుకుంటూనే ఉండి ఉంటుంది. చిన్నప్పుడు దెబ్బతిన్న ఆవిడ రోజూ అందరికంటే ముందు వచ్చో, అందరూ వెళ్లాకో పని కానిచ్చుకుంటూ ఉండవచ్చు. వాళ్ల ఇబ్బంది ఇప్పుడు నోరు విప్పిందంతే. అందుకని ‘ఈ అమ్మాయిని రానివ్వాలా వద్దా’ అన్న ప్రశ్నను పది రోజులు పక్కన పెట్టి, ముందు గదిని చూడండి.

ఒక లెక్క వేసుకోండి. క్లాసు అయ్యాక 14 మందీ ఇంచుమించు ఒకేసారి వస్తారు. ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. తలుపూ గడియా ఉన్న చిన్న చిన్న అరలు కట్టిస్తే, పావుగంటలో ఒక్కో అరలో ముగ్గురు మార్చుకోగలరు. ఇద్దరు ముగ్గురు ఇంటికి వెళ్లే మార్చుకుంటారు కాబట్టి నాలుగు అరలు సరిపోతాయి. మూడు షవర్లకు తలుపులు పెట్టి, ఒక్కోదాని ముందు పొడిభాగం కలిపితే మూడు అరలు అక్కడే వచ్చేస్తాయి. నాలుగోది లాకర్ల పక్కన విడిగా కట్టించుకోవచ్చు. ఒట్టి బట్టలు మార్చుకునే అరకు మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు చాలు. షవర్ ఉన్నదానికి లోతు ఆరేడు అడుగులు కావాలి. సగం తడి, సగం పొడి, మధ్యలో నీళ్లు ఇటు రాకుండా చిన్న గట్టు. ఈ పొడిభాగం మరిచిపోతే ఖర్చంతా వృథా. బట్టలు తడుస్తాయని అందరూ మళ్లీ బయటికి వచ్చే మార్చుకుంటారు. లోపల రెండు కొక్కేలు, కూర్చోవడానికి చిన్న పలక తప్పకుండా పెట్టించండి.

వడ్రంగి మామూలు ప్లైవుడ్ అంటే వద్దనండి. తడికి అంచులు ఉబ్బుతాయి, తలుపు కిందికి దిగుతుంది, బోల్టు దాని రంధ్రంలోకి పోదు. గడియ పడని తలుపు ఉన్నా లేనట్టే. నీళ్లకు చెడని కాంపాక్ట్ లామినేట్ బోర్డులు వాడించండి. పార్టిషన్ ఎత్తు కనీసం ఏడడుగులు ఉండాలి. కింద సందు మూడు నాలుగు అంగుళాలు చాలు. చాలాచోట్ల అడుగు దాకా వదిలేస్తారు. కాళ్లే కదా కనిపించేది అనుకుంటారు గానీ, ఫోన్ దూర్చడానికి అదే దారి. అసలు సందు లేకుండా మూసేస్తే నీళ్లు పోవు, గాలి ఆడదు, లోపల ఎవరైనా కళ్లు తిరిగి పడినా తెలియదు. అందుకే లోపల మనిషి ఉంటే ఎర్రగా కనిపించే గడియ, అవసరమైతే బయటి నుంచి నాణెంతో తిప్పి తీయగలిగేది కొనండి. మడతబందుల వైపు తలుపుకూ చట్రానికీ మధ్య సన్నటి చీలిక ఉండిపోతుంది. దాని మీద ఒక పట్టీ కొట్టించండి. పని అయ్యాక ఒకరు లోపల నిలబడి చేతులు పైకెత్తాలి, ఇంకొకరు గదంతా తిరిగి చూడాలి. బయటి గుమ్మం తెరిచినప్పుడు ఏం కనిపిస్తోంది, అద్దంలో ఏం కనిపిస్తోంది అని ప్రత్యేకంగా చూడండి. అరలన్నీ చక్కగా కట్టి, ఎదురుగా నిలువుటద్దం పెట్టి పాడుచేసిన చోట్లు తక్కువేం కాదు.

ఇదంతా పూర్తయ్యేలోపు ఏం చేయాలి? షవర్లకు మందపాటి కర్టెన్లు వేయండి. రాడ్ రెండు వైపులా గోడకు ఆనాలి, కర్టెన్ వెడల్పు రాడ్ కంటే కనీసం అడుగు ఎక్కువ ఉండాలి. దీపం వెనకగోడకు ఉంటే మనిషి నీడ కర్టెన్ మీద బొమ్మలా పడుతుంది. దాన్ని నేరుగా తల మీదికి మార్చండి. టాయ్‌లెట్ గది గడియ సరిగ్గా పడుతుంటే ‘ఒంటరిగా మార్చుకోవాలనుకునేవారు ఎవరైనా వాడుకోవచ్చు’ అని బోర్డు పెట్టండి.

ఆ ‘ఎవరైనా’ అన్న మాటే ముఖ్యం. చాలామంది మంచి ఉద్దేశంతోనే ఇక్కడ తప్పటడుగు వేస్తారు. ‘నీకు వేరే గది ఇస్తాంలే’ అని ట్రాన్స్ మహిళకు మాత్రమే ఒక గది కేటాయిస్తారు. తాళంచెవి రిసెప్షన్‌లో ఉంటుంది. అడిగిన ప్రతిసారీ అక్కడున్న నలుగురూ తలెత్తి చూస్తారు. నెల తిరిగేసరికి ఆ గదిలో చీపుళ్లు, ఖాళీ డబ్బాలు చేరతాయి. రెండో నెలకు ఆ మనిషి రావడం మానేస్తుంది, మనం మాత్రం ‘అన్ని ఏర్పాట్లూ చేశాం’ అనుకుంటాం. అదే గదిని బిడ్డతల్లి, ఒంటి మీద మచ్చలున్నావిడ, పెద్దావిడ అందరూ వాడుతుంటే, అందులోకి వెళ్లినందుకు ఎవరి గుట్టూ బయటపడదు. ఆమెకని విడిగా సమయం కేటాయించినా ఇదే జరుగుతుంది.

ఇక మనుషుల సంగతి.

పాప తల్లి అడిగింది న్యాయమైన ప్రశ్నే. కాకపోతే దాని జవాబు ఒక్క మనిషి గురించి ఉండకూడదు. 18 ఏళ్లలోపు పిల్లలు ఉన్న ఏ చోటైనా పాటించాల్సిన పద్ధతి ఒకటుంది. మూసిన గదిలో ఏ పిల్లతోనూ పరాయి పెద్దవాళ్లెవరూ ఒంటరిగా ఉండకూడదు. శిక్షకురాలైనా సరే, మీరైనా సరే. పాప గడియ ఉన్న అరలో మార్చుకుంటుంది, కావాలంటే తల్లి బయట నిలబడుతుంది. దీన్ని రాసి గోడకు పెట్టండి. ఆవిడతో మాట్లాడేటప్పుడు ‘మీరు పాతకాలం మనిషి’ అన్నట్టు వినిపించే మాట ఒక్కటి కూడా రానివ్వకండి.

రెండో ఆవిడ విషయంలో మరీ మెలకువగా ఉండాలి. ట్రాన్స్‌జెండర్లను రానిచ్చే చోట్లలో నేరాలు పెరుగుతాయా అని అమెరికాలోని మసాచుసెట్స్‌లో పరిశీలించారు. ట్రాన్స్‌జెండర్లను అనుమతించే నిబంధన ఉన్న ఊళ్లనూ లేని ఊళ్లనూ పోల్చి చూస్తే టాయ్‌లెట్లు, బట్టలు మార్చుకునే గదుల్లో జరిగే నేరాలకూ ఆ నిబంధనకూ సంబంధం కనిపించలేదని 2018లో వచ్చిన ఆ అధ్యయనం తేల్చింది. ఇది మీరు తెలుసుకోవాల్సిన విషయమే. కానీ ఆవిడకు చెప్పకండి. ఆవిడ భయం ఒంట్లో ఉంది, లెక్కలు చూపిస్తే పోదు. తన బాధను కొట్టిపారేశారనే అనిపిస్తుంది. ‘మీకేం ఉంటే తేలిగ్గా ఉంటుంది?’ అని అడగండి. గుమ్మానికి దగ్గరగా ఉన్న అర కావాలనవచ్చు, తోడు మనిషిని తెచ్చుకుంటాననవచ్చు, ఉదయం బ్యాచ్‌కు మారతాననవచ్చు. మారడం ఆవిడ కోరుకుంటేనే. మీరు సూచించకండి. ఆవిడ ఒప్పుకుంటే ఇలాంటి గాయాలకు చికిత్స చేసే మానసిక నిపుణురాలి దగ్గరకు పంపండి. ఆవిడ చెప్పింది మీ అక్క దగ్గర గానీ, అక్క కూతురి దగ్గర గానీ అననే అనకండి.

మూడో ఆవిడకు మాత్రం సూటిగా చెప్పాలి. ‘ఆపరేషన్ సంగతి నేను అడగను. రేపు ఎవరైనా మీ ఒంటి గురించి అడిగినా చెప్పను’ అనండి. అంతే. పొడిగించకండి. ఈ ప్రశ్న మర్యాదకే కాదు, పనికి కూడా తగదు. నిజం తేల్చాలంటే బట్టలు విప్పించాలి, లేదా చూపులతో అంచనా వేయాలి. చూపులతో వేసే అంచనాకు ముందు దొరికేది జుట్టు కత్తిరించుకున్న అమ్మాయి, గొంతు బొంగురుగా ఉన్న పెద్దావిడ, పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య వల్ల గడ్డం కింద వెంట్రుకలు వచ్చిన ఆడపిల్ల. మానేస్తామంటే మిగిలిన నెలల ఫీజు లెక్కగట్టి తిరిగి ఇస్తానని మర్యాదగా చెప్పండి. నలుగురం అన్నవాళ్లలో నిజంగా ఎందరు లేస్తారో అప్పుడు తెలుస్తుంది. అందరినీ కూర్చోబెట్టి చేతులెత్తించే పని మాత్రం వద్దు. 23 ఏళ్ల పిల్ల తమ మధ్య ఉండవచ్చా అని 14 మంది ఓటేస్తే, ఫలితం ఏదైనా ఆ పిల్ల మళ్లీ తలెత్తుకుని ఆ గదిలోకి రాలేదు.

గోడ మీద పెట్టే నియమాలు అరపేజీ దాటనక్కర్లేదు. బట్టలు విప్పడం, కట్టడం మూసిన తలుపు వెనకే. బయట టవల్ గానీ గౌను గానీ ఉండాలి. ఫోన్ లాకర్లోనే, మాట్లాడాలంటే గది బయట. ఎవరి శరీరం మీదా వ్యాఖ్యలు వద్దు. ఇబ్బంది కలిగితే ఎవరికి చెప్పాలో ఆ వ్యక్తి పేరు. ఈ నియమాల్లో ‘ట్రాన్స్’ అన్న పదం ఎక్కడా రాదు, రావాల్సిన అవసరమూ లేదు. అందరికీ ఒకే రోజు ఇవ్వండి, అమ్మాయి చేరే రోజున ఇవ్వకండి. రెండూ ఒకేరోజు జరిగితే ఎవరి కోసం రాశారో చిన్నపిల్లకైనా అర్థమవుతుంది.

ఫిర్యాదు వస్తే నాలుగు సంగతులు రాసుకోవాలి: ఏం చేసింది, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూశారు. ‘ఆమె అక్కడ ఉంది’ అన్నది ఫిర్యాదు కాదు. ‘తదేకంగా చూసింది’, ‘కర్టెన్ తీసింది’, ‘ఫోన్ పట్టుకుంది’ అంటే ఫిర్యాదే, ఎవరి మీద వచ్చినా వారంలోపు ఇద్దరినీ విడివిడిగా విని తేల్చాలి. ఇక్కడ మీకొక చిక్కుంది. ఆమె మీ అక్క కూతురు. మీరు న్యాయంగా తేల్చినా వెనకేసుకొచ్చిందనే అంటారు. ఫిర్యాదులు వినే పని బంధుత్వం లేని శిక్షకురాలికో, అందరూ గౌరవించే సీనియర్ సభ్యురాలికో అప్పజెప్పండి. రేపు ఆ అమ్మాయి వల్లే తప్పు జరిగితే, మరొకరికి వర్తించే చర్యే ఆమెకూ వర్తించాలి.

చట్టం మాట కూడా చూసుకోవాలి, ఎందుకంటే ఇది దేశానికో రకంగా ఉంది. భారత సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న ఇచ్చిన తీర్పులో ట్రాన్స్‌జెండర్ల లింగ గుర్తింపును గౌరవించాలంటూనే, వాళ్లకు విడిగా ప్రజా మరుగుదొడ్లు ఏర్పాటు చేయమని ప్రభుత్వాలకు చెప్పింది. బ్రిటన్ సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 16న, అక్కడి సమానత్వ చట్టంలో ‘స్త్రీ’ అంటే పుట్టుకతో వచ్చిన లింగమేనని తేల్చింది. మీ కేంద్రం ఉన్న చోట ఇప్పుడు ఏ నిబంధన నడుస్తోందో, నియమాలు అచ్చువేయకముందే ఒక న్యాయవాదికి చూపించండి. చట్టం ఎటు మారినా గడియ ఉన్న అరలకు చిక్కు రాదు. కట్టించమనడానికి అదీ ఒక కారణం.

చివరికి ఉంచాను గానీ, నిజానికి మొదట మాట్లాడాల్సింది ఆ అమ్మాయితో. ఆమె ఏం కోరుకుంటోందో మీ ఉత్తరంలో లేదు. అక్క ఏడుపు ఉంది, సభ్యుల కోపం ఉంది, పిల్ల మాట ‘నేనూ వస్తాను’ దగ్గరే ఆగిపోయింది. చాటు అందరికంటే ఎక్కువ ఆమెకే కావాల్సి ఉండవచ్చు. అమెరికాలో 2015లో ట్రాన్స్‌జెండర్లపై జరిగిన పెద్ద సర్వేలో 27,715 మంది పాల్గొన్నారు. అంతకుముందు ఏడాదిలో గొడవ జరుగుతుందేమోనన్న భయంతో బయటి టాయ్‌లెట్లకు వెళ్లడం మానుకున్నామని 59 శాతం మంది, వెళ్లాల్సి వస్తుందని తిండి, నీళ్లు తగ్గించుకున్నామని 32 శాతం మంది చెప్పారు. ఈత కొట్టేవాళ్లు నీళ్లు తాగకుండా ఉంటే కండరాలు పట్టేయవచ్చు, తల తిరగవచ్చు.

ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టుకుని మూడు విషయాలు అడగండి. ఏ పేరుతో నమోదు చేయాలి? తన సంగతి ఎవరికి తెలిసినా పరవాలేదు, ఎవరికి తెలియకూడదు? గదిలో తనకు దేనికి భయం? ఆరోగ్యం గురించి మిగతా సభ్యులను అడిగే ఫారమ్‌లో ఏముందో అంతవరకే ఆమెనూ అడగండి. సంగతి ఇప్పటికే బయటికి పొక్కిందని, ఎవరేమన్నారో పేర్లు లేకుండా నిజం చెప్పండి. వేరేవాళ్ల నోట వినేకంటే మీ నోట వినడం నయం. అరలు పూర్తయ్యేదాకా ఆగుతాననవచ్చు, ఇంటి నుంచే ఈతదుస్తుల మీద బట్టలు వేసుకుని వస్తాననవచ్చు. ఆ నిర్ణయం ఆమెది.

అక్కకు మాత్రం ‘చూద్దాంలే’ అని చెప్పకండి. వడ్రంగి ఎన్ని రోజులంటాడో కనుక్కుని, దానికి ఒక వారం కలిపి, ఫలానా తేదీ నుంచి క్లాసుకు రావచ్చని చెప్పండి.