గురి తప్పిన చోటు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. మిరప రైతు, గుంటూరు యార్డు, కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు (మిరప బస్తాలు). ఇదంతా నువ్వు దగ్గరుండి చూసిన లోకమని తెలుస్తూనే ఉంది. నేను ఆగిపోయింది మూడో పేజీలో. 'అతని లోపం అత్యాశ' అని అక్కడ రాసేశావు. ఆ వాక్యం తర్వాత అతనేం చేసినా నాకు జాలి కలగలేదు. విషాద నాయకుడికి 'ట్రాజిక్ ఫ్లా', అంటే అతణ్ణి కూల్చే స్వభావ లోపం, ఉండి తీరాలని చదివానన్నావు కదా, ఆ మాట సంగతే చెబుతాను.

గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ విషాద నాటకాల గురించి చెప్పిన 'పొయెటిక్స్' 13వ అధ్యాయంలో వాడిన మాట హమార్తియా. బల్లెమో బాణమో గురి తప్పిందని చెప్పడానికి గ్రీకులు వాడే క్రియ నుంచి పుట్టింది. మనిషి దుర్మార్గం వల్ల కాక ఇలాంటి పొరపాటు వల్ల పడిపోతేనే మనకు జాలీ భయమూ కలుగుతాయంటాడాయన. బైబిల్ కొత్త నిబంధన గ్రీకులో అదే మాటకు పాపమని అర్థం. ఇంగ్లీషు విమర్శలో 'ఫ్లా' అయ్యేసరికి అది మనిషి స్వభావంలోనే ఉన్న బీట అయింది. పండితుల మధ్య ఈ వాదం తెగలేదు. నేను మాత్రం గురి తప్పడం వైపే ఉంటాను. బాగా చూసి, బలంగా విసిరినవాడికీ గురి తప్పుతుంది. మనవాళ్లు 'వినాశకాలే విపరీతబుద్ధి' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారే, అలా తేల్చేస్తే కథ అక్కడే చచ్చిపోతుంది.

గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ రాసిన విషాద నాయకుడు ఈడిపస్‌ని చూడు. మూడు దారులు కలిసేచోట బండిలోంచి ఒక ముసలాయన ముల్లుకర్రతో అతని నెత్తిన కొట్టాడు. ఇతను తిరగబడి చంపేశాడు. చచ్చింది కన్నతండ్రని తెలియదు. దాన్ని కోపమనే అందాం. కానీ నాటకాన్ని నడిపించేది ఆ కోపం కాదు, నిజం తేల్చేదాకా వదలని పట్టుదల. స్ఫింక్స్ అనే రాక్షసి పొడుపుకథ విప్పి థీబ్స్ నగరాన్ని కాపాడిన బుద్ధే, తెగులు పట్టిన ఆ ఊరి కోసం పాత రాజును, అంటే ఆ ముసలాయన్ని, చంపిన హంతకుణ్ణి వెతుకుతుంది. ఇక అడగొద్దని అతని భార్య జొకాస్టా బతిమాలుతుంది. అతని పుట్టుక రహస్యం తెలిసిన ముసలి కాపరి నోరు విప్పడానికి వణికిపోతాడు. అయినా ఈడిపస్ అడుగుతాడు. అక్కడ అతణ్ణి ఏ లోపం పేరుతో పిలుస్తావు? 1904లో షేక్‌స్పియర్ నాటకాల మీద ఇంగ్లీషు విమర్శకుడు బ్రాడ్లీ కూడా ఇదే అన్నాడు: నాయకుణ్ణి కూల్చే లక్షణమే అతని గొప్పతనమూను.

ఇప్పుడు నీ రైతు దగ్గరికి రా. అతను ఆశపోతు కాదు, నువ్వే మొదటి పేజీలో చూపించావు. ఊరంతా కల్లంలోనే అమ్ముకుంటుంటే రెండేళ్లు ఓపిక పట్టి అప్పు తీర్చిన మనిషి. ఆ ఓపికే ఈసారి అతణ్ణి ముంచింది. కాబట్టి అత్యాశ అన్న మాట కొట్టెయ్. కమీషన్ ఏజెంటు మంచి ధర చెప్పిన ఆ పొద్దున్న యార్డులో అతన్ని నిలబెట్టు. టిక్కీలో చెయ్యి పెట్టి ఒక కాయ తీస్తాడు, విరిచి చూస్తాడు, గింజలు అరచేతిలో దులుపుకుంటాడు. సరుకు బాగుంది. బాగుంది కాబట్టే "ఇంకో వారం ఆగుదాం" అంటాడు. ఏజెంటు పుస్తకం మూసి పక్క రైతు వైపు తిరుగుతాడు.

ఆ ఒక్క ఘట్టం తిరగరాసి పంపు. మిగతా కథ అప్పుడు చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య