రన్ లైన్ మీద డబ్బు పెట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన షీటు రెండుసార్లు చూశాను. ముందురోజు ఖాళీగా ఉన్న జట్టుకీ, ముందురోజు ఆడి వచ్చిన జట్టుకీ మధ్య జరిగిన బేస్‌బాల్ ఆటలన్నీ ఏరి, ఎవరు గెలిచారో ఓపిగ్గా రాశావు. రెస్ట్ దొరికినవాళ్ల గెలుపులు ఎక్కువ కనిపించాయని, ఇక వాళ్ల మీద రన్ లైన్, అంటే పరుగుల తేడా మీద కాసే పందెం, ఆడతానంటున్నావు. కాస్త ఆగు నాన్నా. 2018లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చి ఇక్కడ న్యూజెర్సీలో పందేలు చట్టబద్ధమైన వేసవిలో నేనూ ఇదే లెక్క కట్టాను. సెప్టెంబరు దాటేసరికి పొదుపు చేసుకున్నది చాలావరకు పోయింది. ఆ మాట మీ అత్తయ్యకి చెప్పడానికి నాకు మూడు నెలలు పట్టింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆట గెలవడం వేరు, రన్ లైన్ దాటడం వేరు. ఫేవరెట్ (గెలుస్తుందని అంచనా ఉన్న జట్టు) మీద మైనస్ 1.5 పెట్టావంటే వాళ్లు కనీసం రెండు పరుగుల తేడాతో గెలవాలి. బేస్‌బాల్‌లో పది ఆటల్లో దాదాపు మూడు ఒక్క పరుగు తేడాతోనే ముగుస్తాయి. అందులోనూ సొంత మైదానంలో ఆడే ఫేవరెట్‌కి ఇంకో చిక్కుంది. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌ పైసగం, అంటే బయటి జట్టు బ్యాటింగ్, అయ్యేసరికి వాళ్లు ఒక్క పరుగు ముందున్నారనుకో, ఆట అక్కడితో సరి, ఇక బ్యాటింగే చెయ్యరు. స్కోర్లు సమానంగా ఉంటే, గెలుపు పరుగు పూర్తి కాగానే అందరూ మైదానంలోకి పరుగెత్తుకొస్తారు. బేస్‌ల మీద మనుషులుండగా హోమ్ రన్, అంటే మైదానం దాటే కొట్టు, పడితే తప్ప రెండో పరుగు రాదు. జనం చప్పట్లు కొడుతుంటే నీ పందెం టికెట్ మాత్రం చెల్లదు. బయటి మైదానంలో ఆడే ఫేవరెట్‌కి తొమ్మిది ఇన్నింగ్స్‌ల బ్యాటింగూ దక్కుతుంది. నీ షీటులో ఇంట ఆడినవీ బయట ఆడినవీ కలిసిపోయాయి. ముందు వాటిని విడదియ్.

తర్వాత ధర. ప్లస్ 140కి (వంద పెడితే 140 లాభం) దొరికిన పందెం 41.7 శాతం గెలిస్తే చాలు, అసలు నిలుస్తుంది. మైనస్ 160కి (వంద లాభానికి 160 పెట్టాలి) కొన్నది 61.5 శాతం గెలవాలి. ధర రాయకుండా గెలుపు శాతం ఒక్కటే రాసుకుంటే, కొన్న రేటు మరిచిపోయి అమ్మకం లెక్కేసుకున్నట్టే. పైగా షెడ్యూలు అందరికీ తెలిసిందే. ఎవరికి ఎప్పుడు సెలవో సీజన్ మొదలవకముందే పందేలు కట్టించుకునే బుక్‌మేకర్ దగ్గర ఉంటుంది.

ఇక అసలు విషయానికొస్తాను. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బై వీక్ అంటే రెండు ఆటల మధ్య రెండు వారాల ఎడం. బేస్‌బాల్ అలాంటిది కాదు, సుమారు 186 రోజుల్లో 162 ఆటలు. మిగిలిన ఆ కాసిని రోజుల్లో నాలుగు జులైలో ఆల్‌స్టార్ బ్రేక్ అనే మధ్య విరామానికే పోతాయి. మిగతావి చాలావరకు విమానాల్లో గడుస్తాయి. దీన్ని విశ్రాంతి అని రాసుకునే ముందు ఆ జట్టు ఎటు నుంచి ఎటు ఎగిరిందో చూడు. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో రవి అల్లాడ బృందం 1992 నుంచి 2011 వరకు జరిగిన 46,535 ఆటలు పరిశీలించి 2017లో ఫలితాలు ప్రచురించింది. పడమర నుంచి తూర్పుకి వచ్చినప్పుడే ప్రయాణపు దెబ్బ (జెట్ లాగ్) ఎక్కువని తేలింది. సొంతూరికి తిరిగొచ్చిన జట్టు కూడా బేస్‌ల మధ్య పరుగులో వెనకబడింది.

ఖాళీ రోజు నిజంగా ఎవరికి పనికొస్తుందంటే బంతి వేసే పిచర్లకి, ముఖ్యంగా బుల్‌పెన్‌కి, అంటే ఆట మధ్యలో వచ్చి వేసే రిలీవర్ల గుంపుకి. ఒక జట్టు స్టార్టర్ (ఆట మొదలుపెట్టే పిచర్) నిన్న ఎనిమిది ఇన్నింగ్స్ వేశాడనుకో, వాళ్లకి సెలవు లేకపోయినా రిలీవర్లంతా తాజాగా ఉన్నట్టే. ఇంకో జట్టు మొన్న పన్నెండు ఇన్నింగ్స్ ఆడి ఏడుగురు రిలీవర్లని వాడేసింది, నిన్న సెలవు. నీ షీటులో రెస్ట్ దొరికింది ఈ రెండో జట్టుకే. కానీ మొన్న ముప్పై ఐదు బంతులు వేసినవాడిని మేనేజర్ ఈరోజు పిలవడానికి జంకుతాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు ఆధిక్యాన్ని కాపాడటానికి బుల్‌పెన్ తలుపు తెరుచుకుంటే, జట్టులో ఆరో ఏడో స్థానం రిలీవర్ బయటికొస్తాడు. రన్ లైన్ అటో ఇటో తేలేది సరిగ్గా అక్కడే. అందుకే నేను సెలవులు లెక్కపెట్టడం మానేసి, గడిచిన మూడు రోజుల్లో ఏ రిలీవర్ ఎన్ని బంతులు వేశాడో రాసుకుంటున్నాను.

ఎక్కువ రోజులు కూర్చుంటే తుప్పు పడుతుందన్న మాటా వింటావు. 2007లో కొలరాడో రాకీస్ 22 ఆటల్లో 21 గెలిచి, ఎనిమిది రోజులు ఖాళీగా ఉండి, వరల్డ్ సిరీస్ ఫైనల్లో రెడ్ సాక్స్ చేతిలో నాలుగుకి నాలుగూ ఓడింది. 2022లో బై పద్ధతి (మంచి జట్లకి తొలి రౌండు ఆడక్కర్లేని సెలవు) వచ్చాక 111 ఆటలు గెలిచిన డాడ్జర్స్ తొలి సిరీస్‌లోనే పోయింది. మరుసటి ఏడు బై దొరికిన నలుగురిలో ముగ్గురు ఓడారు. ఆ శరత్కాలమంతా విశ్రాంతే కొంప ముంచిందన్నారు. 2024లో నలుగురిలో ముగ్గురు గెలిచారు, డాడ్జర్స్ ఏకంగా ట్రోఫీయే ఎత్తింది. మూడేళ్లూ కలిపితే పన్నెండు జట్లలో ఆరు గెలిచాయి, ఆరు ఓడాయి.

నీ షీటులో ఆటలు నాలుగు వందలు కూడా లేవు. నాలుగు వందలసార్లు నాణెం ఎగరేసినా బొమ్మ 45 నుంచి 55 శాతం మధ్య ఎక్కడైనా పడొచ్చు. మామూలు మైనస్ 110 పందెంలో నష్టం తప్పించుకోవాలంటే కావలసింది 52.4. నీకు కనిపించిన తేడా ఆ ఊగిసలాటలోనే ఇమిడిపోతుంది. రెట్రోషీట్ అనే వెబ్‌సైట్‌లో పాత ఆటల వివరాలన్నీ ఉచితంగా దొరుకుతాయి, పదేళ్లవి దించుకో. సగం ఏళ్ల మీద సూత్రం కట్టి, మిగతా సగం మీద పరీక్షించు.

ఈ సీజన్ మొత్తం కాగితం మీదే ఆడు, ఒక్క డాలర్ వద్దు. ఊళ్లో స్నేహితులకి పందెం యాప్‌ల లింకులు అసలు పంపకు. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి ఆన్‌లైన్ పందెం నేరం, వాళ్లు ఇరుక్కుంటారు. చెయ్యి ఆగకపోతే అర్ధరాత్రయినా సరే, నాకు ఫోన్ చెయ్యి.

షీటులో నాలుగు గడులు కలుపు: ఇల్లా బయటా, కొన్న ధర, ప్రయాణ దిశ, రిలీవర్ల బంతులు. ఏప్రిల్ నెల ఆటలు నింపి పంపితే, వచ్చే ఆదివారం ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ మావయ్య