వామాకుతో దగ్గు కషాయం ఎలా చేసుకోవాలి?

కుండీలో పెరిగే వామాకు దగ్గుకు పనికొస్తుందా అని అడిగారు. గొంతు గరగరకు హాయిగానే ఉంటుంది. నాలుగైదు ఆకులు కడిగి చేతితో నలపండి. గుప్పుమనే ఆ ఘాటు ప్రధానంగా ఆకుల సుగంధ తైలంలో ఉండే కార్వక్రాల్ అనే పదార్థానిది. చాలామంది నీళ్లు సగమయ్యేదాకా ఆకులను మరిగిస్తారు. అలా చేయకండి, ఆ సుగంధ తైలం ఆవిరితోనే పోతుంది. గ్లాసుడు నీళ్లు మరిగాక పొయ్యి ఆపి, ఆకులు వేసి, పది నిమిషాలు మూత పెట్టండి. వడగట్టి, గోరువెచ్చగా అయ్యాక చెంచా తేనె కలపండి. ఏడాది నిండని పిల్లలకు మాత్రం తేనె అసలు పెట్టకూడదు. బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. అన్నట్టు, ఈ వామాకు మొక్క వాము గింజలు కాసే మొక్క కాదు, వేరే జాతి. ఆయాసం ఉంటే కషాయాలతో కాలక్షేపం చేయకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. దగ్గు రెండు వారాలు దాటితే క్షయ పరీక్ష చేయించుకోవాలి.