బోల్టు ఎక్కిందని నమ్మొద్దు, అల్లుడూ

అల్లుడూ,

చెన్నై నుంచి పాత మిల్లింగ్ మిషన్ తెచ్చి గాజులమండ్యం షెడ్డులో దించినావని, దాని మర రంధ్రాలకు ఇంట్లో ఉండే బోల్టులన్నీ ఒక్కొక్కటిగా పెట్టి చూస్తాండావని ఫోన్లో చెప్తివి. ఆ పని ముందు ఆపు. పోత ఇనుములో మర ఒకసారి పొడి రాలిందంటే మళ్లీ అతకదు.

ముందు రంధ్రం శుభ్రం చెయ్యి. కిరసనాయిలు పోసి ఒక పూట నాననిచ్చి, సన్నటి వైరు బ్రష్షుతో తిప్పి, గుడ్డ అడ్డం పెట్టి గాలి కొట్టు. కళ్లద్దాలు లేకుండా గాలి కొట్టొద్దు, లోపలున్న చిప్స్ నేరుగా మొహం మీదికే వస్తాయి. అడుగు మూసుకున్న రంధ్రమైతే లోపల చుక్క నూనె కూడా ఉండకూడదు. నూనె ఉండగా బోల్టు బిగిస్తే దానికి పోయే దారి లేక ఆ ఒత్తిడికి పోత ఇనుమే పగలొచ్చు. ఇంకోటి, శుభ్రం చేయడానికని ట్యాప్, అంటే మర కోసే పనిముట్టు, దించొద్దు. మర ఏదో తెలియక ముందు ట్యాప్ దించితే ఉన్న మర పోయి, కొత్తదీ పడదు.

ఇప్పుడు అసలు సంగతి. వ్యాసం చూసి నిర్ణయించొద్దు, పిచ్ చూడు, అంటే ఒక మర నుంచి పక్క మరకు ఉన్న దూరం. మెట్రిక్ లెక్కలో ఎం8 బోల్టు 8 మిల్లీమీటర్లు. నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, రెండున్నర నూలు బోల్టు 5/16 అంగుళం, అంటే 7.94. క్యాలిపర్‌తో పట్టుకుంటే రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ ఎం8 పిచ్ 1.25 మిల్లీమీటర్లు, 5/16ది అంగుళానికి 18 మరలు కాబట్టి 1.41. అందుకే 5/16 బోల్టు ఎం8 రంధ్రంలో ఒకటిన్నర, రెండు చుట్లకే పట్టేస్తుంది. ఇది మంచిదే, తప్పని అప్పుడే తెలిసిపోతుంది. పట్టేసిందని స్పానర్ తీసినావా, పని చెడిందనుకో.

నన్నడిగితే మూడు నూలు బోల్టే ఎక్కువ ప్రమాదం. 3/8 అంగుళం అంటే 9.53 మిల్లీమీటర్లు, పిచ్ 1.59. దాన్ని ఎం10 రంధ్రంలో వేస్తే పిచ్‌లో తేడా చుట్టుకు 0.09 మాత్రమే, పైగా వ్యాసంలో అర మిల్లీమీటరు ఖాళీ. నాలుగైదు చుట్లు వేళ్లతోనే హాయిగా పోతుంది. ఆ తర్వాత గట్టిపడితే ‘బిగిసింది’ అనుకుంటాం. బరువంతా ఒకటి రెండు మరల అంచు మీదే నిలబడి ఉంటుంది. మోటారు ప్లేటు దగ్గర ఇట్లా బిగిస్తే అదురుకు ఆ మరలు రాలిపోతాయి. అందుకని వేళ్లతో దింపినాక బోల్టు తలను పట్టుకొని అటూ ఇటూ ఊపి చూడు. సరైన బోల్టు దాదాపు కదలదు.

పిచ్ కొలవడానికి రంధ్రం పెద్దదైతే పిచ్ గేజ్ ఆకు, అంటే మర పళ్లున్న రేకు, లోపలికి దూరుతుంది. ఎం10, ఎం12 లాంటి వాటిలో అది సరిగా ఆనదు. అప్పుడు ప్యాకింగ్ పెట్టె చెక్క లాంటి మెత్తటి కట్టెను సగం గుండ్రంగా చెక్కి లోపల పెట్టు, వెనక సన్నటి చీల దించి మెల్లగా తట్టు. చీల తీసి కట్టెను బయటికి లాగితే మర గీతలు దాని మీద పడి ఉంటాయి. టార్చి పక్క నుంచి ఏటవాలుగా వెయ్యి, స్పష్టంగా కనిపిస్తాయి. మొదటి గీతను ‘సున్నా’ అనుకొని పదో గీత దాకా కొలువు. మొదటిదాన్నే ‘ఒకటి’ అని లెక్కపెడితే తొమ్మిది పిచ్‌లే వచ్చి లెక్కంతా తప్పుతుంది. పదింటికి 12.5 వస్తే ఎం8, 14.1 వస్తే 5/16. ఎం10కి 15, 3/8కి 15.9. ఎం12కి 17.5. అర అంగుళానికి రెండు రకాలున్నాయి: 19.5 అయితే యూఎన్‌సీ అనే అమెరికా మర, 21.2 అయితే విట్‌వర్త్ అనే ఇంగ్లీషు మర. ఎం16కి 20, 5/8కి 23.1.

పది మరలు దొరకనంత లోతు తక్కువైతే ఐదుకే కొలువు. అప్పుడు దానికి తోడు డ్రిల్ బిట్ వెనక కాడను దించి చూడు. ఎం10కి 8.5 కాడ దిగుతుంది, 3/8కి 8 దగ్గరే ఆగుతుంది. కాడ మీద చక్ గాట్లు లేచి ఉంటాయి, కాబట్టి ముందు దాన్నే కొలుచుకో.

విట్‌వర్త్ మర కోణం 55 డిగ్రీలు, యూఎన్‌సీది మెట్రిక్ లాగానే 60. అర అంగుళం తప్ప 1/4, 5/16, 3/8, 5/8ల్లో ఈ రెండింటికీ మరల లెక్క ఒకటే, ఒకదాంట్లో ఒకటి ఎక్కుతుంది. కాళ్ల కింద లెవలింగ్‌కైతే నేను పట్టించుకోను. మిషన్ ఎత్తే ఐ బోల్టుకు (తల రింగులా ఉండేది) మాత్రం వద్దు, ఖచ్చితంగా అదే కోణం ఉండాలి.

స్పానర్‌ను సాక్ష్యంగా తీసుకోవద్దు. 19 స్పానర్ చాలా ఎం12 తలలకూ సరిపోతుంది, అర అంగుళం యూఎన్‌సీ తలకూ (అది ముప్పావు అంగుళం, 19.05) సరిపోతుంది. తల మీద 8.8 అని ఉంటే మెట్రిక్, మూడు గీతలుంటే అంగుళాలది. అదైనా బోల్టు గురించి చెప్పిందే, రంధ్రం గురించి కాదు. ముందున్న ఓనరు ఏం బిగించినాడో ఎవరికి తెలుసు?

ఒక రంధ్రం తేలితే మిషనంతా అదే అనుకోవద్దు. మిషన్ కంపెనీ అంగుళాల్లో చేసి ఉండొచ్చు, తర్వాత ఎవరో మోటారు మార్చి ప్లేటుకు ఎం10 ట్యాప్ కొట్టి ఉంటారు. కూలెంట్ పైపు దగ్గర పైపు మర ఉంటుంది, దాని లెక్కే వేరు: 1/8 బీఎస్‌పీకి (ఇంగ్లీషు పైపు మర) బయటి వ్యాసం 9.73, అంగుళానికి 28 మరలు. దాన్ని ఎం10 సన్న మర అనుకొని మోసపోతారు. ప్రతి గుంపునూ విడిగా కొలిచి, పక్కనే మార్కర్‌తో రాసుకో.

ఇక ఇప్పటికే చెడిన రంధ్రం ఒకటుందన్నావు. 3/8ది చెడితే ఎం10 ట్యాప్ వేయొద్దు. దానికి 8.5 డ్రిల్ చాలు, పాత మర 9.5 దాకా ఉంది కదా, కొత్త మర సగం సగం పడుతుంది. గోడ మందం చాలితే 10.2 డ్రిల్ వేసి ఎం12 చెయ్యి, పాతది పూర్తిగా పోతుంది. అట్లాగే 1/4ను 6.8 డ్రిల్‌తో ఎం8కి, 5/16ను 8.5 డ్రిల్‌తో ఎం10కి పెంచొచ్చు. అర అంగుళం చెడితే ఎం14 చాలదు, 14 డ్రిల్ వేసి ఎం16కి పోవాలి. అంత మందం లేకపోతే అదే సైజు హెలికాయిల్, అంటే మరగా పనిచేసే తీగ చుట్ట, వెయ్యి. ట్యాప్ కొట్టినాక రంధ్రం నోటి దగ్గర మెటల్ ఉబికి ఉంటుంది. దాన్ని ఆయిల్ స్టోన్‌తో సమం చెయ్యకుండా ప్లేటు బిగించొద్దు, ప్లేటు వంకరగా కూర్చుంటుంది.

తిరుపతి బోల్టు అంగడికి పోయినప్పుడు నూలు లెక్కలో అడిగితే ఎక్కువగా విట్‌వర్తే చేతిలో పెడతారు. నీది యూఎన్‌సీ అని తేలితే పేరు పెట్టి అడుగు, లేదంటే కట్టె ముక్కను జేబులో వేసుకొని పోయి అంగట్లోనే బోల్టు పక్కన పెట్టి చూసుకో.

ఇట్లు,
మీ మామ