లైబ్రరీలో ఇల్లు లేనివాళ్ళు కూర్చుంటే మా పిల్లల సంగతేంటి?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా నాలుగేళ్ళ పాపని టౌన్ లైబ్రరీలో స్టోరీటైమ్‌కి తీసుకెళ్తుంటాను. ఇండియా నుంచి వచ్చిన మా మామగారు కూడా పేపర్లు చదవడానికి వస్తారు. ఈ చలికాలం మొదలైనప్పటి నుంచి ఇల్లు లేనివాళ్ళు కొందరు పొద్దున తలుపు తీయగానే పెద్ద పెద్ద బ్యాగులతో వచ్చి మూసేదాకా అక్కడే ఉంటున్నారు. ఒకాయన పక్కన వాసనకి కూర్చోలేం. ఇంకొకాయన తనలో తనే గట్టిగా మాట్లాడుకుంటాడు, పాప భయపడుతోంది. మా వాట్సాప్ గ్రూపులో "ఇళ్ళు లేనివాళ్ళని లైబ్రరీలోకి రానివ్వొద్దు, పన్నులు కట్టేది మేము" అని సంతకాలు సేకరిస్తున్నారు. పెట్టకపోతే మావాళ్ళు ఏమనుకుంటారో అని టెన్షన్, పెడదామంటే మనసు ఒప్పట్లేదు. ఏం చెయ్యమంటారు?
— పేరు వద్దన్న పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: సంతకం పెట్టకండి. మీ భయం అబద్ధమని కాదు, ఆ కాగితం అడుగుతున్నది తప్పు. వాసన వస్తోంది, గట్టిగా మాట్లాడుతున్నారు అని ఫిర్యాదు చేస్తే అది ఒక పని గురించి. ఇల్లు లేదు కాబట్టి రావొద్దంటే అది ఒక మనిషి గురించి. మొదటిదానికి లైబ్రరీ దగ్గర మందు ఉంది, రెండోదానికి అమెరికా చట్టం ఒప్పుకోదు.

ఈ గొడవ మీద అమెరికాలో అందరూ చెప్పుకునే కేసు మీ న్యూజెర్సీలోనే జరిగింది, మారిస్‌టౌన్‌లో. రిచర్డ్ క్రైమర్ అని ఇల్లు లేని ఒకాయన రోజూ లైబ్రరీకి వచ్చి కూర్చునేవాడు. ఇతరుల వైపు అదేపనిగా చూస్తున్నాడని, వాసన వస్తోందని ఫిర్యాదులొచ్చాయి. 1989లో లైబ్రరీ కొత్త నియమాలు రాసి ఆయన్ని బయటికి పంపితే ఆయన కోర్టుకెళ్ళాడు. 1991లో జిల్లా ఫెడరల్ జడ్జి లీ సరోకిన్ ఆ నియమాలు చెల్లవన్నాడు. ఇళ్ళు లేనివాళ్ళు మన కంటికీ ముక్కుకీ కనబడకూడదనుకుంటే వాళ్ళ దుస్థితిని తీసెయ్యాలి గానీ లైబ్రరీ కార్డుల్ని కాదన్న అర్థంలో ఆయన రాసిన మాట ఇప్పటికీ చెప్పుకుంటారు.

అయితే కథ అక్కడితో అయిపోలేదు, మీ గ్రూపులో ఎవరైనా ఈ కేసు ఎత్తితే మిగతా సగం కూడా చెప్పండి. 1992లో పై కోర్టు ఆ తీర్పుని తిరగేసింది. సమాచారం అందుకునే హక్కు రాజ్యాంగం ఇచ్చిందేనని ఒప్పుకుంటూనే, లైబ్రరీ ఉన్నది చదవడానికీ రాయడానికీ కాబట్టి ఆ పనులకి అడ్డొచ్చే ప్రవర్తన మీద, ఇతరులు కూర్చోలేనంత దుర్వాసన మీద నియమం పెట్టుకోవచ్చంది. క్రైమర్‌కి రాజీ కింద టౌన్, ఇన్సూరెన్సుల వైపు నుంచి మొత్తం 2,30,000 డాలర్లు ముట్టాయి. అంటే లైబ్రరీ గెలిచింది, అయినా ఊరికి డబ్బు వదిలింది. తర్వాత 2001లో వాషింగ్టన్ డీసీలో, బట్టలూ వాలకం బాగోలేవని ఒకాయన్ని లైబ్రరీ గుమ్మంలోనే ఆపేస్తే, "అభ్యంతరకరమైన వాలకం" అన్న నియమమే మరీ అస్పష్టంగా ఉందని కోర్టు కొట్టేసింది. ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చూస్తే గీత ఎక్కడుందో తెలుస్తుంది. చేసినదాన్ని బట్టి అడగొచ్చు, కనబడేదాన్ని బట్టి ఆపకూడదు. పైగా నియమం అందరికీ ఒకటే ఉండాలి. నిద్రపోకూడదని రాస్తే, మధ్యాహ్నం భోంచేసి వచ్చి పేపరు పట్టుకుని కునుకు తీసే మీ మామగారిని కూడా లేపాల్సిందే.

వాళ్ళు రోజంతా అక్కడే ఎందుకుంటారో కూడా మీ గ్రూపు వాళ్ళు ఆలోచించాలి. చాలా షెల్టర్లు రాత్రి పడుకోనిచ్చి పొద్దున్నే బయటికి పంపేస్తాయి, మళ్ళీ సాయంత్రమే తలుపు తీసేది. ఈ మధ్యలో ఆ చలిలో, ఏమీ కొనకుండా కూర్చోగలిగిన చోటు ఊరంతటికీ ఎన్ని ఉంటాయి? వెచ్చదనం, బాత్రూమ్, ఫోన్ ఛార్జింగ్ అక్కడే. ఉద్యోగానికైనా, ఇంటికైనా, పోయిన గుర్తింపు కార్డుకైనా దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలి, దానికి కంప్యూటర్ కూడా అక్కడే. 2024 జూన్‌లో ఒరెగాన్ రాష్ట్రంలోని గ్రాంట్స్ పాస్ అనే ఊరి కేసులో అమెరికా సుప్రీంకోర్టు, షెల్టర్ దొరక్కపోయినా సరే బయట పడుకున్నవాళ్ళకి ఊళ్ళు జరిమానా వెయ్యొచ్చని 6-3తో తేల్చింది. బయట ఉంటే జరిమానా, లోపలికొస్తే మన సంతకాలు! మరి ఎక్కడికి పోవాలి ఆ మనిషి?

పన్నుల మాట నాకు అసలు నచ్చలేదు. లైబ్రరీకి ప్రాపర్టీ టాక్స్ నుంచి డబ్బు వెళ్తుంది, నిజమే, కానీ ఎవరు ఎంత కట్టారో చూసి లోపలికి పంపే పద్ధతైతే విజిటర్ వీసా మీద వచ్చిన మన అమ్మానాన్నలు ఎక్కడ నిలబడతారు? మన సంఘాలు ఏటా ఫుడ్ డ్రైవ్‌లు పెడతాయి, ఫొటోలు దిగుతాం, మంచి పనే. మనం అన్నం పెట్టిన ఆ మనిషే మన పక్క కుర్చీలో కూర్చుంటే ఓర్చుకోలేకపోవడం మాత్రం నాకు బాధగా ఉంది.

ఇక మీ పాప సంగతి, అది చిన్న విషయమేం కాదు. చాలా లైబ్రరీల్లో పిల్లల గదిలోకి పిల్లలతో వచ్చిన పెద్దవాళ్ళనో, పిల్లల పుస్తకాల కోసం వచ్చినవాళ్ళనో మాత్రమే రానిస్తారు, మీ దగ్గర ఆ నియమం ఉందో లేదో అడగండి, లేకపోతే పెట్టమనండి. ఎవరైనా వెంటబడినా, బెదిరించినా వెంటనే స్టాఫ్‌కి చెప్పండి, ప్రమాదమనిపిస్తే 911కి చెయ్యండి, వాళ్ళకి ఇల్లు ఉన్నా లేకపోయినా సరే. ఒకాయన తనలో తను మాట్లాడుకుంటున్నంత మాత్రాన పోలీసుల్ని పిలవకండి. ఆయన ఎవరి జోలికీ రావట్లేదుగా. పాపకి "ఆయనకి ఒంట్లో బాగోలేదమ్మా" అని చెప్తే ఆ వయసు పిల్లలకి అర్థమవుతుంది. వాసన విషయం డెస్క్ దగ్గర నెమ్మదిగా చెప్పండి, ఆయన్ని పక్కకి పిలిచి స్నానం ఎక్కడ చెయ్యొచ్చో చెప్పడం స్టాఫ్ పని.

ఆ కాగితం బదులు ఇంకో కాగితం రాసి గ్రూపులో పెట్టండి. లైబ్రరీలో సోషల్ వర్కర్‌ని పెట్టమని అడగండి. 2009లో శాన్‌ఫ్రాన్సిస్కో పబ్లిక్ లైబ్రరీ లియా ఎస్గెర్రా అనే సోషల్ వర్కర్‌ని పూర్తి సమయానికి పెట్టుకుంది, దేశంలో ఏ లైబ్రరీ అయినా అలా చెయ్యడం అదే మొదలు. ఒకప్పుడు తామే ఇల్లు లేక తిరిగినవాళ్ళని కూడా జీతమిచ్చి తీసుకున్నారు. వాళ్ళు హాల్లో తిరుగుతూ షెల్టర్ ఎక్కడ, తిండి ఎక్కడ అని చెప్తారు, మనలాంటివాళ్ళు చెప్తే వినని మాట వాళ్ళు చెప్తే వింటారు. తర్వాత చాలా ఊళ్ళు ఇదే దారి పట్టాయి. మీ టౌన్‌కి అంత బడ్జెట్ లేకపోతే యూనివర్సిటీల్లో సోషల్ వర్క్ చదివేవాళ్ళని ఇంటర్న్‌లుగా తీసుకోవచ్చు, చిన్న లైబ్రరీలు చాలా అదే చేస్తున్నాయి. లైబ్రరీ ట్రస్టీల మీటింగులకి ఎవరైనా వెళ్ళొచ్చు, మాట్లాడొచ్చు. న్యూజెర్సీ మున్సిపల్ లైబ్రరీ బోర్డుల్లో మేయరో ఆయన ప్రతినిధో ఉంటారు కాబట్టి, పగటిపూట తెరిచి ఉండే షెల్టర్ గురించి కూడా అక్కడే అడగండి. మీ గ్రూపులో సగం మంది వచ్చినా చాలు.

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయానికి బస్టాండులో పడుకునే పెద్దాయన ఒకాయన రోజూ పేపర్లు చదవడానికి వస్తాడు. పోటీ పరీక్షలకి చదివేవాళ్ళు కుర్చీలు చాలట్లేదని, సభ్యత్వం లేనివాళ్ళని పంపెయ్యమని అంటున్నారు. అలా పంపొచ్చా?
— ఒక పాఠకుడు, తెలంగాణ

జవాబు: కూడదు. సభ్యత్వం, డిపాజిట్ అనేవి పుస్తకం ఇంటికి తీసుకెళ్ళడానికే, కూర్చుని పేపరు చదవడానికి కాదు. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తారు, కుర్చీలు చాలకపోతే ఆ డబ్బు ఎటు పోతోందో కలిసి అడగాల్సింది ఆ కుర్రాళ్ళే, వాళ్ళ బాధ కూడా నిజమే. మన వాళ్ళు 1935లో ఆంధ్రలోని కొల్లూరు నుంచి కాలవ మీద పడవలో పుస్తకాలు తీసుకెళ్ళి పల్లెల్లో చదివించారు, రాలేనివాడి దగ్గరికి గ్రంథాలయమే వెళ్ళిన చోటు ఇది. నడిచి వచ్చిన పెద్దాయన్ని లేపి పంపడానికి మనకి మనసెలా వస్తుంది?

ఇంకో మాట, పట్టణాల్లో ప్రతి లక్ష జనాభాకి కనీసం వంద మందికి సరిపడే షెల్టర్ ఉండాలని కేంద్ర ప్రభుత్వ పథకంలోనే రాశారు. మీ మున్సిపాలిటీలో అది ఎక్కడుందో కనుక్కుని ఆయనకి చెప్పండి, వస్తానంటే మీరే వెంట తీసుకెళ్ళండి.